ఫైరింజన్ ఖర్చు ఎవరు భరించాలి?



ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయింది. అందులో పత్తి బేళ్లతో పాటు పేలుడు పదార్థాలు కూడా ఉన్నాయి. మంట ఆర్పడానికి వెళ్లిన 66 మంది ఫైర్ సిబ్బంది తిరిగి రాలేదు. వాళ్ల జ్ఞాపకంగానే ఈ వారం జరుపుకుంటున్నాం.

ఈ వారంలో మన పిల్లలు మాక్ డ్రిల్ చేస్తారు, పోస్టర్లు గీస్తారు, 101 నంబర్ నేర్చుకుంటారు. ఈసారి దానికి ఒక పాఠం కూడా జోడించాం. 8వ తరగతి సివిక్స్‌లో ప్రజా సౌకర్యాల గురించి చదువుతారు. తాగునీరు, రోడ్లు, ఆస్పత్రి, బస్సు లాంటివి అందులో వస్తాయి. ఫైర్ సర్వీస్ కూడా అలాంటి సౌకర్యమే. మరి దానికి డబ్బు ఎవరు పెడుతున్నారు? ఎవరికి బిల్లు వేస్తే న్యాయం? ఈ ప్రశ్న క్లాసులో బాగా పండింది. ఇంట్లో మీరు కూడా పిల్లలతో మాట్లాడాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక భయం పోవాలి

చర్చలో ఒక పాప అడిగింది: "మేడమ్, ఫైరింజన్‌కు ఫోన్ చేస్తే డీజిల్ డబ్బులు మనమే ఇవ్వాలంట కదా?" ఆ అమ్మాయి ఒక్కతే కాదు, ఇంకో నలుగురు కూడా ఇంట్లో అదే మాట విన్నామన్నారు.

జవాబు స్పష్టంగా చెప్పాలి. మన రాష్ట్రంలో ఇల్లు, కొట్టం, గడ్డివామి, షాపు, తోట, ఏది అంటుకున్నా ఫైరింజన్ పిలిచినందుకు, మంట ఆర్పినందుకు బిల్లు లేదు. 101కు గానీ 112కు గానీ ఫోన్ చేస్తే చాలు. డీజిల్ డబ్బులు, నీళ్ల డబ్బులు, సిబ్బంది భత్యం అంటూ ఏమీ ఇవ్వనక్కర్లేదు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, డబ్బు భయంతో ఫోన్ ఆలస్యం చేస్తే నష్టపోయేది మనమే. వామికి అంటుకున్న నిప్పు ఐదు నిమిషాల్లో పక్కనున్న పశువుల కొట్టాన్ని పట్టుకుంటుంది. "ముందు మనమే చూద్దాం, కాకపోతే పిలుద్దాం" అనుకునే లోపు చేయి దాటిపోతుంది. ఒకవైపు బిందెలతో ఆర్పుతూనే ఇంకొకరు ఫోన్ చేయాలి. మంట ఆరిపోయాక బండి వచ్చినా ఎవరూ తప్పు పట్టరు.

బిల్లు లేదంటే ఖర్చు లేదని కాదు

మనకు బిల్లు రాకపోయినా ఎవరో ఒకరు ఆ ఖర్చు భరిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైర్ స్టేషన్లను నడిపేది రాష్ట్ర ప్రభుత్వం. ఆ శాఖ పేరు రాష్ట్ర విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. జీతాలు, బండ్లు, డీజిల్ అన్నీ రాష్ట్ర బడ్జెట్ నుంచే వస్తాయి. బడ్జెట్‌లోకి డబ్బు మన పన్నుల నుంచి వస్తుంది. "మేము పన్ను కట్టేంత గొప్పవాళ్లం కాదు" అని కొందరు అంటారు. అది నిజం కాదు. సబ్బు కొన్నా, బిస్కెట్ ప్యాకెట్ కొన్నా జీఎస్టీ కడుతూనే ఉన్నాం. అంటే ఫైరింజన్‌కు మనం ముందుగానే చెల్లించాం. అది దానం కాదు, మన హక్కు.

దేశమంతా ఇలాగే ఉండదు. ముంబైలో ఫైర్ బ్రిగేడ్‌ను నగరపాలక సంస్థ నడుపుతుంది. మన రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. అందులో ఏడోది అగ్నిమాపక సేవలు. పంచాయతీల కోసం ఉన్న 11వ షెడ్యూల్‌లో 29 అంశాలు ఉన్నాయి. అందులో అగ్నిమాపక సేవల పేరే లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పల్లెల్లో ఉండే మనకు చాలా పెద్ద విషయం. పట్టణానికి ఫైర్ సర్వీస్ ఒక బాధ్యతగా రాసి ఉంది. పల్లెకు రాసి లేదు. అందుకే మనకు రాష్ట్రం పెట్టే ఖర్చు ఒక్కటే ఆధారం.

కేంద్రం నుంచి కూడా కొంత సాయం ఉంది. 15వ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు రాష్ట్రాల్లో ఫైర్ సర్వీసుల విస్తరణకు, ఆధునికీకరణకు 5,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 2023లో కేంద్ర హోంశాఖ ఆ పథకం మొదలుపెట్టింది. మనలాంటి రాష్ట్రాలు తమ వంతుగా 25 శాతం కలపాలి. ఇది కొత్త స్టేషన్లు, బండ్లు, శిక్షణ లాంటి వాటికి పనికొస్తుంది. ఏళ్ల తరబడి జీతాలు ఇవ్వడానికి మాత్రం ఇలాంటి పథకం సరిపోదు.

ఖర్చు మంట ఆర్పడానికి కాదు, సిద్ధంగా ఉండటానికి

పిల్లలతో ఒక లెక్క వేయించాం. ఇందులో అంకెలు లెక్క కోసం అనుకున్నవే.

ఒక ఫైర్ స్టేషన్ నడపడానికి ఏడాదికి 90 లక్షల రూపాయలు అవుతుందనుకుందాం. దాని పరిధిలో 30,000 ఇళ్లు ఉన్నాయి. ఏడాదికి 100 ఫోన్లు వస్తాయి.

- అందరూ సమానంగా పంచుకుంటే: ఇంటికి ఏడాదికి 300 రూపాయలు. నెలకు 25 రూపాయలు.
- పిలిచినవాళ్లకే బిల్లు వేస్తే: ఒక్కో ఫోన్‌కు 90,000 రూపాయలు.
- ఇష్టమున్నవాళ్లే చందా కట్టే పద్ధతి పెడితే: సగం మంది మానేస్తే మిగిలిన 15,000 ఇళ్లకు 600 రూపాయలు పడుతుంది. 600 చూసి ఇంకొందరు మానేస్తారు. అప్పుడు మిగిలినవాళ్లకు ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ పిల్లలు ఒక మంచి విషయం పట్టుకున్నారు. నిప్పంటుకున్న వామి విలువ 90,000 ఉండదు. అంత బిల్లు వస్తుందంటే ఏ రైతూ ఫోన్ చేయడు. ఫోన్లు 100 నుంచి 20కి తగ్గినా స్టేషన్ ఖర్చు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. ఎందుకంటే ఆ ఖర్చులో ఎక్కువ భాగం రాత్రింబవళ్లు షిఫ్టుల్లో ఉండే మనుషుల జీతం, బండి నిర్వహణ. వాళ్లు మంట కోసం ఎదురుచూస్తూ కూర్చోవడమే మనం కొనుక్కునే సేవ. ఏడాదంతా ఒక్క ఫోన్ రాకపోయినా ఆ డబ్బు వృథా కాదు.

కరెంటు బిల్లు వాడుకున్నదాన్ని బట్టి వస్తుంది. అది న్యాయమే. ఎక్కువ వాడితే ఎక్కువ సుఖం. కానీ ఫైరింజన్‌ను సుఖం కోసం ఎవరూ వాడరు. పైగా మా ఇంటి మంట ఆర్పితే మీ ఇల్లు కూడా బతుకుతుంది. లాభం ఇద్దరిదీ అయినప్పుడు బిల్లు ఒక్కరికే ఎలా వేస్తాం?

మూడు దేశాల అనుభవం

లండన్: 1666లో లండన్ నగరం చాలావరకు కాలిపోయింది. ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు పుట్టి, సొంతంగా ఫైర్ బ్రిగేడ్లు పెట్టుకున్నాయి. పాలసీ ఉన్న ఇంటి గోడకు కంపెనీ గుర్తుతో ఒక లోహపు బిళ్ల కొట్టేవారు. ఆ బ్రిగేడ్ల అసలు పని తమ కంపెనీ సొమ్ము కాపాడుకోవడం. 1833లో పలు కంపెనీలు కలిసి ఉమ్మడి బ్రిగేడ్ ఏర్పాటు చేశాయి. 1861లో టూలీ స్ట్రీట్ గోదాముల్లో పెద్ద మంట లేచింది. ఆ బ్రిగేడ్ అధిపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ గోడ కూలి అక్కడే చనిపోయారు. ఇంత నష్టం తర్వాత నగరం మొత్తాన్ని కాపాడే భారం మేము మోయలేమని కంపెనీలు చేతులెత్తేశాయి. 1865లో పార్లమెంటు చట్టం చేసింది. 1866 నుంచి ప్రజల ఫైర్ బ్రిగేడ్ మొదలైంది. డబ్బు మూడు చోట్ల నుంచి వచ్చేది: ఆస్తులపై స్థానిక పన్ను, ప్రభుత్వం ఇచ్చే ఏటా 10,000 పౌండ్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రతి పది లక్షల పౌండ్ల పాలసీకి ఇచ్చే 35 పౌండ్లు. లాభం పొందే ముగ్గురూ తలా కొంత వేసుకున్నారన్నమాట.

అమెరికా: టెనెసీ రాష్ట్రంలో సౌత్ ఫుల్టన్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి ఫైర్ బ్రిగేడ్ చుట్టుపక్కల పల్లెలకు కూడా వెళ్లేది. కానీ పల్లెల వాళ్లు ఏటా 75 డాలర్ల చందా కట్టాలి. 2010 సెప్టెంబరులో చందా కట్టని ఒక ఇంటికి నిప్పంటుకుంది. ఎంతైనా ఇస్తామని ఆ కుటుంబం ఫోన్‌లో బతిమాలింది. నియమం ఒప్పుకోలేదు. మంట పక్కింటివాళ్ల పొలానికి పాకినప్పుడు, వాళ్లు చందా కట్టారు కాబట్టి, బండి వచ్చింది. పొలం కాపాడింది, ఇల్లు కాలుతుంటే నిలబడి చూసింది. ఇంట్లోని పెంపుడు జంతువులు చనిపోయాయి. దేశమంతా దీనిపై మాట్లాడుకుంది. తర్వాత ఆ ఊరు పద్ధతి మార్చుకుంది. చందా లేకపోయినా వెళ్తారు, తర్వాత బిల్లు వేస్తారు.

ఈ కథ చెప్పగానే క్లాస్ రెండుగా చీలింది. "కట్టనివాళ్లకు ఆర్పితే రేపు ఇంకెవరు కడతారు?" అని కొందరు. "నీళ్లు చేతిలో పెట్టుకుని చూస్తూ ఎలా ఉంటారు?" అని మరికొందరు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే తప్పు మనుషుల్లో కాదు, చందా పద్ధతిలోనే ఉందని నా అభిప్రాయం. ఫైర్ సిబ్బందిని అలాంటి పరీక్షలో నిలబెట్టే పద్ధతి పెట్టనే కూడదు.

ఆస్ట్రేలియా: విక్టోరియా రాష్ట్రంలో చాలా ఏళ్లు ఇన్సూరెన్స్ ప్రీమియంతో కలిపి ఫైర్ లెవీ వసూలు చేశారు. దీనితో ఇన్సూరెన్స్ ధర పెరిగి కొందరు పాలసీలు మానేశారు. వాళ్ల ఇళ్లకూ ఫైరింజన్ వెళ్లేది, ఖర్చు మాత్రం పాలసీ ఉన్నవాళ్లది. 2009 ఫిబ్రవరి 7న వచ్చిన అడవి మంటల్లో 173 మంది చనిపోయారు. దానిపై వేసిన రాయల్ కమిషన్ ఈ పద్ధతి మార్చమంది. 2013 జులై 1 నుంచి ఆస్తి ఉన్న ప్రతి ఒక్కరి పన్ను బిల్లులో ఫైర్ లెవీ కలిపారు.

మన దగ్గర ఫీజు ఎక్కడ ఉంది?

మంట ఆర్పడానికి బిల్లు లేకపోయినా, ప్రమాదం ఎక్కువగా ఉన్న చోట ముందుగా ఫీజు కట్టే పద్ధతి మనకూ ఉంది. ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం 1999లో వచ్చింది. ఫీజుల నియమాలు 2006లో వచ్చాయి. 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న నివాస భవనాలకు, 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనాలకు ఫైర్ శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. దాన్నే అందరూ ఫైర్ ఎన్ఓసీ అంటారు. స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్ల లాంటి జనం గుమికూడే చోట్లకు ఇంకా తక్కువ ఎత్తు నుంచే నిబంధనలు ఉన్నాయి. దీపావళికి వేసే టపాసుల షాపులకు కూడా అనుమతి తప్పనిసరి.

ఇది న్యాయమైన పద్ధతే. వ్యాపారం కోసం ఎక్కువ ప్రమాదాన్ని ఒకచోట చేర్చినవాళ్లు తనిఖీ ఖర్చు భరించాలి. కానీ ఫీజు మరీ ఎక్కువైతే కొందరు ఎన్ఓసీ తీసుకోకుండానే తప్పించుకు తిరుగుతారు. ఫీజు కట్టించుకుని తనిఖీకి రాకపోతే అది ఉత్త కాగితం అవుతుంది. కాబట్టి ఫీజు మోస్తరుగా, తనిఖీ గట్టిగా ఉండాలి.

కుప్పం దాటితే కర్ణాటక. అక్కడ 2023లో అగ్నిమాపక చట్టానికి సవరణ తెచ్చి, ఎత్తైన భవనాల ఆస్తిపన్నుపై ఒక శాతం ఫైర్ సెస్ పెట్టడానికి శాసనసభ ఆమోదం తెలిపింది. బెంగళూరు లాంటి నగరానికి అది సరిపోతుంది. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, నిచ్చెన బండ్లు కూడా వాటి కోసమే కొనాలి.

అదే పద్ధతి చౌడేపల్లెలో పెడితే? మళ్లీ లెక్క వేద్దాం. 30,000 ఇళ్లు, సగటున 500 రూపాయల ఇంటిపన్ను అనుకుందాం. మన పెద్దవాళ్లు కందాయం అనేది దీన్నే. మొత్తం కోటీ 50 లక్షలు. అందులో ఒక శాతం అంటే 1,50,000 రూపాయలు. స్టేషన్ ఖర్చు 90 లక్షలు. ఎక్కడికీ చాలదు. అంటే పల్లెల ఫైర్ సర్వీస్ పల్లెల పన్నుతో నడవదు. నగరాల్లో, ఫ్యాక్టరీల్లో వచ్చిన పన్ను రాష్ట్రం చేతిలో కలిసి మన వరకు రావాలి. "ఎవరి ఊరి ఖర్చు వాళ్లే పెట్టుకోండి" అనే మాట వినడానికి బాగుంటుంది కానీ, మనలాంటి మండలాలకు దాని అర్థం ఫైరింజన్ లేదనే.

20 నిమిషాల్లో ఎంత దూరం?

దేశంలో ఫైర్ సర్వీసుల ప్రమాణాలు సూచించే స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ లెక్క ప్రకారం, ఫోన్ వచ్చాక పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో బండి చేరాలి.

మన రోడ్ల మీద నీళ్లతో నిండిన బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుంటే, 20 నిమిషాల్లో సుమారు 13 కిలోమీటర్లు వస్తుంది. పుంగనూరు, మదనపల్లె, పలమనేరు, కుప్పం లాంటి పట్టణాల్లో ఫైర్ స్టేషన్లు ఉన్నాయి. మన ఊళ్లేమో గుట్టల మధ్య చెదిరి ఉన్నాయి. మెయిన్ రోడ్డు దిగాక మట్టి దారి, మలుపులు, తక్కువ ఎత్తులో వేలాడే కరెంటు తీగలు. మీ ఊరు 13 కిలోమీటర్లకు లోపలా, బయటా? బయట అయితే మీ ఊరు ఆ ప్రమాణానికి కూడా బయటే.

ఇంకో సంగతి. సాధారణ ఫైరింజన్‌లో సుమారు 4,500 లీటర్ల నీళ్లు పడతాయి. పూర్తి ఒత్తిడితో కొడితే అవి కొద్ది నిమిషాల్లో అయిపోతాయి. మళ్లీ నింపుకోవడానికి పట్టణానికి వెళ్లి వస్తే ఏమీ మిగలదు. ఊరి దగ్గర్లో బోరు, తొట్టి, కుంట ఏదైనా బండి చేరుకునేలా ఉండాలి. ఇది పంచాయతీ చేయగల పని. కోట్లు అక్కర్లేదు.

మన వైపు కాలిపోయే వస్తువుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఎండాకాలంలో చెనక్కాయ కట్టె, వరిగడ్డి వాములు, మామిడి తోటల్లో ఎండుగడ్డి, దానితో పాటే కాలిపోయే డ్రిప్ పైపులు, పట్టుపురుగుల షెడ్లలో వెదురు చంద్రికలు. వీటిలో చాలావాటికి ఇన్సూరెన్స్ ఉండదు. ఒక పట్టు షెడ్డు కాలిపోతే ఆ రైతు ఇంట్లో పిల్లల ఫీజు కూడా ఆగిపోతుంది. బోయకొండ గంగమ్మ దర్శనానికి వచ్చే కుటుంబాలు కొండ కింద కట్టెల పొయ్యి పెట్టి వంట చేసుకుంటాయి. పక్కనే దుకాణాలు, బండ్లు, ఎండిన పొదలు. అలాంటి రద్దీ రోజుల్లో ఒక బండి అక్కడే సిద్ధంగా ఉంటే ఎంత ధైర్యం!

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. ఆ కాగితాల ఖరీదు ఎంత అని రాయగలమా? అవి ఎందరో రైతుల భూముల లెక్కలు. మంటలో పోయేది ఆ గోడల యజమాని సొత్తు ఒక్కటే కాదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

మరి ఎవరు ఎంత భరించాలి?

పై విషయాలన్నీ చూశాక నాకు న్యాయంగా తోచిన పద్ధతి ఇది. మీరు వేరేలా అనుకోవచ్చు.

1. మంట ఆర్పడానికి ఎప్పటికీ బిల్లు ఉండకూడదు. పిలిచే చేయి ఒక్క క్షణం కూడా వెనక్కి తగ్గకూడదు.

2. జీతాలు, స్టేషన్ల ఖర్చు రాష్ట్ర బడ్జెట్ నుంచే రావాలి. స్టేషన్లు ఎక్కడ పెట్టాలనేది పన్ను ఎంత వస్తుందో చూసి కాదు, 20 నిమిషాల లెక్క చూసి నిర్ణయించాలి.

3. పట్టణాల్లో ఆస్తిపన్నుతో చిన్న ఫైర్ సెస్ ఉండొచ్చు. కానీ అది బిల్లులో విడిగా కనిపించాలి, ఆ డబ్బు ఫైర్ సర్వీస్‌కే వెళ్లాలి. చిన్న ఇళ్లకు, పూరిళ్లకు మినహాయింపు ఉండాలి.

4. ఎత్తైన భవనాలు, గోదాములు, ఫ్యాక్టరీలు, ఫంక్షన్ హాళ్లు తనిఖీ ఫీజు కట్టాలి. పెద్ద జాతర్లు, ఎగ్జిబిషన్లు, సినిమా షూటింగులకు బండిని అక్కడే ఉంచితే ఆ ఖర్చు నిర్వాహకులదే.

5. పంచాయతీ వంతుగా నీళ్లు నింపుకునే చోటు, బండి తిరగగల దారి, శిక్షణ పొందిన పది మంది యువకులు. ఈ మూడూ ఉంటే బండి వచ్చేలోపు సగం పని అవుతుంది.

"నిర్లక్ష్యంగా గట్టు మీద గడ్డికి నిప్పు పెట్టి పక్కవాళ్ల తోట కాల్చినవాడికి కూడా ఉచితమేనా?" అని ఒక బాబు అడిగాడు. మంచి ప్రశ్న. మంట ఆర్పడం ఉచితమే, ఎందుకంటే కాలుతున్నది పక్కవాళ్ల తోట. నిర్లక్ష్యం సంగతి తర్వాత చట్టం చూసుకుంటుంది. భారతీయ న్యాయ సంహితలో 287వ సెక్షన్ దానికే ఉంది. నిప్పు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. శిక్ష వేరు, సాయం వేరు. రెండింటినీ కలిపితే సాయం ఆగిపోతుంది.

స్కూల్ విషయంలో మీరు అడగండి

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక స్కూల్లో మంటలు లేచి 94 మంది పిల్లలు చనిపోయారు. వంటగది నుంచి లేచిన నిప్పు పైనున్న పూరికప్పుకు అంటుకుంది. ఆ ఘటన తర్వాత వేసిన కేసులో 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చదువుకునే హక్కులోనే క్షేమంగా చదువుకునే హక్కు కూడా ఉందని, స్కూళ్లన్నీ అగ్ని భద్రత ప్రమాణాలు పాటించాలని చెప్పింది.

స్కూల్ భద్రతకు అయ్యే ఖర్చు చివరికి మీరు కట్టే ఫీజు నుంచే వస్తుంది. అంటే బిల్లు కట్టేది మీరే. కాబట్టి లెక్క అడిగే హక్కు కూడా మీదే. పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మొహమాటం లేకుండా ఈ ఐదు విషయాలు అడగండి. మన స్కూలైనా, మీ ఇంకో బిడ్డ చదివే స్కూలైనా సరే.

- ఫైర్ సర్టిఫికెట్ ఉందా? గడువు ఎప్పటి వరకు?
- మంటలార్పే సిలిండర్ల మీద రీఫిల్ తేదీ ఏది?
- రెండో మెట్ల దారి తాళం లేకుండా ఉందా? అక్కడ పాత బెంచీలు పేర్చి ఉన్నాయా?
- చివరి డ్రిల్ ఎప్పుడు చేశారు? ఎన్ని నిమిషాల్లో అందరూ బయటకు వచ్చారు?
- బస్సులో సిలిండర్, ఎమర్జెన్సీ డోర్ పని చేస్తున్నాయా?

ఇంటికి పనికొచ్చే మాట

వంట గ్యాస్ ప్రమాదాలకు ఆయిల్ కంపెనీలు చేయించిన ఇన్సూరెన్స్ ఉంటుంది. దానికి మీరు విడిగా ప్రీమియం కట్టనక్కర్లేదు. అధికారిక కనెక్షన్ ఉన్న ఇంట్లో ప్రమాదం జరిగితే మరణానికి ఒక్కొక్కరికి 6 లక్షల వరకు, వైద్యానికి ఒక్కొక్కరికి 2 లక్షల వరకు, ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు పరిహారం ఉంటుంది. ప్రమాదం జరిగిన వెంటనే గ్యాస్ డీలర్‌కు, పోలీసులకు, ఫైర్ స్టేషన్‌కు సమాచారం ఇవ్వాలి. చాలామంది ఫైర్ రిపోర్టు తీసుకోరు, తర్వాత క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. మంట చిన్నదే అయినా 101కు ఫోన్ చేసి ఉంటే రికార్డు మిగులుతుంది.

ఈ నెల ప్రాజెక్ట్: పిల్లలతో కలిసి చేయండి

1. మీ ఇంటి నుంచి దగ్గరి ఫైర్ స్టేషన్‌కు ఎన్ని కిలోమీటర్లు? గంటకు 40 కిలోమీటర్ల లెక్కన ఎన్ని నిమిషాలు?

2. మీ ఊళ్లో ఫైరింజన్ నీళ్లు నింపుకోగల చోటు ఏది? బండి అక్కడి వరకు వెళ్లగలదా?

3. ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. అందులో ఏ ఏ పన్నులు ఉన్నాయి? ఫైర్ సర్వీస్ పేరు ఎక్కడైనా ఉందా?

4. తాతయ్యను, అవ్వను అడగండి: వాళ్ల చిన్నప్పుడు ఊళ్లో మంట లేస్తే ఎవరు ఆర్పేవారు? ఖర్చు ఎవరిది?

5. మీ వీధిలో అందరూ నెలకు 25 రూపాయలు కట్టాలంటే ఒప్పుకుంటారా? ఒప్పుకోనివాళ్లను ఏం చేయాలి? మీ జవాబు పది వాక్యాల్లో రాయండి. తెలుగులోనైనా, ఇంగ్లిష్‌లోనైనా సరే.

ప్రాజెక్టులు ఈ నెలాఖరులోగా క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. మొదటి రెండు ప్రశ్నల జవాబులను ఊరి వారీగా ఒక పటం మీద గుర్తిస్తాం. 13 కిలోమీటర్లకు బయట ఉన్న ఊళ్లకు ఎర్ర చుక్క, నీళ్ల వసతి ఉన్న ఊళ్లకు నీలి చుక్క పెడతాం. ఎర్ర చుక్క ఉండి నీలి చుక్క లేని ఊళ్ల పేర్లు విడిగా రాసి, పిల్లల సంతకాలతో ఆయా పంచాయతీలకు, మండల కార్యాలయానికి వినతిపత్రం పంపుతాం. మీ ఊరి కొలత తప్పు లేకుండా రావాలంటే ఈ ఆదివారం పిల్లలను బండి మీద ఎక్కించుకుని, మీటర్ చూస్తూ ఒకసారి ఆ దారిలో వెళ్లి రండి.